కోత గంటలో అయిపోద్ది, ఆరబెట్టేదెవరు?

మొన్న దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు మా మేనల్లుడు మా ఊరొచ్చాడు. బీటెక్ సీఎస్ఈ, ఇంకో ఏడాదిలో బయటికొచ్చేస్తాడు. పగలంతా ఫోనులోంచి తలెత్తలేదు గానీ రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు, అప్పుడే కరెంటు కూడా పోయింది, దోమల్ని కొట్టుకుంటూ మెల్లగా అడిగాడు, "మావయ్యా, నిజం చెప్పు, మేం బయటికొచ్చేసరికి మాకు పనుంటుందా?" అని.

వెంటనే ఏం చెప్పలేకపోయాను. వాడికి ధైర్యం చెప్పాలంటే ముందు నాకుండాలి కదా. 18 ఏళ్ళుగా ఇదే సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను, కరోనాలో అమలాపురం దగ్గర మా ఊరు వచ్చేసినవాణ్ణి మళ్ళీ పూర్తిగా వెనక్కి వెళ్ళలేదు, నెలలో సగం హైదరాబాదు సగం ఇక్కడ, డాబా మీద గదిలో కూర్చుని ఎక్కడో అమెరికాలో ఉన్న కస్టమర్లకి పని చేస్తుంటాను. ఈ రెండేళ్ళలో నా పని ఎంత మారిందంటే, నిరుడు ఇదే రోజుల్లో నేను రోజంతా ఏం చేసేవాణ్ణో ఇప్పుడు గుర్తు చేసుకోవాల్సి వస్తోంది. అప్పుడు రాసేవాణ్ణి. ఇప్పుడు చదువుతున్నాను. పొద్దున్న లేచేసరికి ఏఐ రాసి పెట్టిన కోడ్ గుట్టలు గుట్టలుగా ఉంటుంది, అది నాది కాదు, కానీ కింద సంతకం నాది.

వాడికి చెప్పాల్సిన జవాబు ఆ వారమే మా చేలో దొరికింది. అందుకే ఇదంతా రాస్తున్నాను, కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

మాకు రెండెకరాలుంది. నా చిన్నప్పుడు కోతలంటే తెల్లారకుండానే కొడవళ్ళు పట్టుకుని కూలీలొచ్చేవాళ్ళు, ఆడవాళ్ళే ఎక్కువ, కోసి పనలు వేసేవాళ్ళు. ఆ పనలు చేలోనే రెండు మూడు రోజులు ఎండేవి. తర్వాత కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్ళు, ఆ కుప్ప కొన్నాళ్ళు అలాగే ఉండేది, తర్వాతెప్పుడో కళ్ళం చేసి నూర్చి తూర్పారబట్టి బస్తాలకెత్తేసరికి గింజ దానంతటదే ఎండిపోయేది. "ఇప్పుడు ఆరబెడుతున్నాం" అని పనిగట్టుకుని ఎవరూ ఆరబెట్టేవాళ్ళు కాదు. కోత నెమ్మది, అందుకని ఆరడం ఆ నెమ్మదిలోనే కలిసిపోయింది. దానికి వేరే పేరు లేదు, వేరే కూలీ లేదు, వేరే లెక్కా లేదు.

ఇప్పుడు చైన్ మిషన్ దిగిందంటే ఎకరం గంటకి అటూ ఇటూగా అయిపోద్ది. కోసేది అదే, నూర్చేది అదే, గింజ తీసి ట్రాక్టర్లో పోసేది అదే. చూడ్డానికి ఎంత బావుంటుందో. కానీ గింజ పచ్చిది. కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే తేమ 17 శాతం లోపుండాలంటారు. పొద్దున్న చేలో ఉన్న పైరు మధ్యాహ్నానికి గింజైపోతే తేమ ఎక్కడికి పోద్ది? అందుకని ఎండాకాలం మా వైపొస్తే చూడండి, రోడ్ల పొడుగునా బరకాలు, వాటి మీద ధాన్యం, కాళ్ళతో తిరగేస్తూ ముసలాళ్ళు, సాయంత్రం రాశి చెయ్యడం, పొద్దున్న మళ్ళీ పరవడం, మబ్బు పడితే పరుగులు. 2023 మే మొదట్లో అకాల వర్షాలు పడ్డప్పుడు గోదావరి జిల్లాల్లో కోసేసిన ధాన్యం చాలాచోట్ల రాశుల్లోనే తడిసింది, మొలకలొచ్చేసింది. మా నాన్న ఇప్పటికీ అంటుంటాడు, "కోత మిషనొకటి కొన్నారు గానీ కళ్ళం ఎవడూ కొనలేదురా" అని.

ఈ మాటే నా ఉద్యోగం గురించి చెప్పాలనుకున్న మాట.

కోడ్ రాయడం నెమ్మదిగా ఉన్న రోజుల్లో అర్థం చేసుకోవడం అందులోనే కలిసిపోయుండేది. ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో ఒక ముక్క, రాయాలంటే దాని పైనున్నది చదవాలి, కిందున్నది చదవాలి, కస్టమర్ ఏమన్నాడో మళ్ళీ తీసి చూడాలి, రాస్తూ రాస్తూ మధ్యలో "ఆగు, ఇదేంటి, సెలవు రోజైతే ఏం చెయ్యాలి?" అని ఆగిపోయి ఎవణ్ణో అడగాలి. దానికి మేం పేరేం పెట్టలేదు, టైంషీట్లో ఎప్పుడూ రాయలేదు, అంతా కలిపి "కోడింగ్" అనేశాం. ఇప్పుడు మిషనొచ్చి కోత తీసేసింది. ఆరబోత మిగిలింది. నాలుగు రోజుల పని 20 నిమిషాల్లో ముందుకొచ్చి పడుద్ది, చూడ్డానికి గింజలాగే ఉంటుంది, కామెంట్లతో సహా నా కంటే నీట్‌గా ఉంటుంది, కానీ లోపల పచ్చి. రాశిలో పెడితే వేడెక్కుద్ది.

2024 అక్టోబర్లో గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ మా కొత్త కోడ్‌లో నాలుగో వంతు కంటే ఎక్కువ ఏఐ రాస్తోందని చెప్పాడు. ఆ రోజు మా బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు చూడాలి, ఒకటే ఏడుపు, ఇళ్ళ లోన్ల లెక్కలు. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగలేదు, అలా వచ్చిన కోడ్‌ని ఇంజనీర్లు రివ్యూ చేసి ఒప్పుకుంటున్నారు అని కూడా అన్నాడు. గ్రూపులోకి మాత్రం ముందు సగమే వచ్చింది. కోత వార్త అయ్యింది, ఆరబోత వార్త కాలేదు.

ఇంకోటి. మీటర్ అని అమెరికాలో ఒక పరిశోధన సంస్థ ఉంది, పేరుకి తగ్గట్టే మీటరు పెట్టి కొలిచారు. 2025 జులైలో బయటపెట్టారు. అనుభవమున్న 16 మంది ఓపెన్‌సోర్స్ డెవలపర్లు, ఏళ్ళ తరబడి వాళ్ళు పని చేస్తున్న ప్రాజెక్టులే, మొత్తం 246 పనులు, కొన్ని ఏఐతో కొన్ని ఏఐ లేకుండా. మొదలుపెట్టకముందు ఏఐతో 24 శాతం టైం కలిసొస్తుందనుకున్నారు, అంతా అయిపోయాక కూడా 20 శాతం కలిసొచ్చిందనే చెప్పారు, తీరా గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది. ఇది 2025 మొదట్లో ఉన్న టూల్స్‌తో, పాత పెద్ద ప్రాజెక్టుల్లో చేసింది, అన్నిటికీ అంటగట్టకూడదు, టూల్స్ అప్పటికీ ఇప్పటికీ చాలా మారాయి కూడా. నన్ను పట్టుకుంది ఆ 19 కాదు. నెమ్మదైపోయి కూడా స్పీడుగా వెళ్ళామనుకున్నారే, అది. చేలో మిషన్ తిరుగుతున్నంతసేపూ మాకూ అలాగే ఉంటుంది, అబ్బ అయిపోయింది రా అనిపిస్తుంది, బరకాల గురించి గుర్తుండదు.

సరే, ఊరికే ఎవరెవరి లెక్కలో ఎందుకు, నా భాగోతమే చెప్తాను.

మా బావకి, అంటే ఈ మేనల్లుడి తండ్రికే, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులున్నాయి. వనామీ. నిరుడు ఒకసారి "బావా, నువ్వు అమెరికావాళ్ళకి చేస్తావు కదా, నాకో యాప్ చేసి పెట్టవోయ్, మేత ఎంత వేశాం, కౌంట్ ఎంత, ఇవాళ పట్టేస్తే ఎంతొస్తది, అంతే" అన్నాడు. అంతే అనే మాట విన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఒక శనివారం కూర్చుని ఏఐకి చెప్పాను, సాయంత్రానికల్లా యాప్ వచ్చేసింది. తెలుగులో బటన్లు, గ్రాఫులు, ఆకుపచ్చ రంగు హెడ్డింగు. నేను రాసిన లైన్లు వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు.

రొయ్యల సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య, 30 కౌంట్ అంటే పెద్దది. రొయ్య పెరిగేకొద్దీ కౌంట్ తగ్గుద్ది, కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుద్ది. మొదటి వెర్షన్లో ఏఐ ఏం చేసిందంటే, వారం వారం కౌంట్ తగ్గుతుంటే పక్కన ఎర్ర బాణం కిందికి పెట్టి "ఎదుగుదల తగ్గుతోంది, గమనించండి" అని చూపించింది. బావ చెరువు గట్టు మీద నిలబడి ఫోన్ చూసి పడీ పడీ నవ్వాడు, పక్క చెరువువాళ్ళకి కూడా చూపించాడు. దాన్ని రెండు నిమిషాల్లో సరిచేశాను. అలాంటి తప్పు మంచి తప్పు, అరిచి చెప్పింది, నేనిక్కడున్నాను అని.

రెండోది అరవలేదు.

రేట్లు 100, 90, 80, 70, 60 అలా పదుల్లో చెప్తారు. చెరువులో రొయ్య మాత్రం పదుల్లో పెరగదు కదా, పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు, 63 కౌంట్ వచ్చింది. లెక్క కోసం 60 కౌంట్ రేటు కిలోకి 340 రూపాయలు, 70 కౌంట్ రేటు 310 అనుకోండి. మధ్యలో పది కౌంట్లకి 30 రూపాయలు, కౌంట్‌కి మూడు, కాబట్టి 63కి మూడు మూళ్ళు తొమ్మిది తీసేసి 331. మా బావ ఇది మనసులోనే చేసేస్తాడు. ఏఐ మాత్రం 63 అంటే దగ్గర్లో ఉన్నది 60 కదా అని 340 వేసింది. నేను చూసుకోలేదు. ఎందుకు చూసుకోలేదంటే టెస్టులన్నీ, అంటే కోడ్ సరిగ్గా లెక్క కడుతోందో లేదో చూసే పరీక్షలన్నీ, గ్రీన్‌గా ఉన్నాయి. టెస్టులు ఎవరు రాశారు? అదే రాసింది. 60 ఇస్తే 340 వస్తుందా, వస్తుంది. 70 ఇస్తే 310 వస్తుందా, వస్తుంది. 63 ఇస్తే 340 వస్తుందా, ఓ వస్తుంది. తన తప్పుకి తనే సాక్షి సంతకం పెట్టుకుంది.

పట్టుబడి రోజు కొనడానికొచ్చిన ఏజెంటు 331 లెక్కన స్లిప్పు రాశాడు. బావ చేతిలో ఫోను, ఫోన్లో 340. రెండు టన్నుల మీద 18 వేలు తేడా. మా బావ సహజంగా లెక్కలో గట్టివాడే, కానీ ఆ రోజు తెల్లవారుజామున మూడింటి నుంచి నిద్ర లేదు, వలలు, ఐస్ లారీ, కూలీలు, ఆ గోలలో తన బుర్రని నమ్మకుండా నా యాప్‌ని నమ్మాడు. పది మందిలో ఆ ఏజెంటుని పట్టుకుని నానా మాటలూ అన్నాడు. పాపం ఆయన కాగితం మీద వేసి చూపించాడు. బావ మొహం ఎలా అయ్యిందో నాకు చూడక్కర్లేదు, ఫోన్లో గొంతు విన్నాను చాలు. "ఏం బావా, నా పరువు తీశావు కదా" అన్నాడంతే.

ఆ రాత్రి ఏఐకి తప్పు చూపిస్తే "మీరు చెప్పింది నిజమే, సరిచేస్తున్నాను" అని మర్యాదగా చెప్పి అర నిమిషంలో సరిచేసింది. మర్నాడు ఆ ఏజెంటుకి ఫోన్ చేసి సారీ చెప్పింది మాత్రం నేను. అది చెప్పలేదు, చెప్పడం దానివల్ల కాదు కూడా. దాని పరువేం పోయింది కనక?

ఇక్కడ ఎవరో ఒకరు అంటారని తెలుసు, "నువ్వు ప్రాంప్ట్ సరిగ్గా ఇవ్వలేదు బ్రో" అని. నిజమే. మధ్య కౌంట్లకి రేటు ఎలా కడతారో నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నాకు తెలీదు, తెలీదన్న సంగతి కూడా తెలీదు. పాత రోజుల్లో అయితే ఆ ఫంక్షన్ నా చేత్తో రాస్తూ 63 దగ్గర చెయ్యి ఆగేది, ఇక్కడేం చెయ్యాలి అని బావకి ఫోన్ చేసేవాణ్ణి. ఆగడమే నా పని. మిషన్ ఆగదు, తెలియని చోట కూడా ధైర్యంగా ఏదో ఒకటి వేసేసి ముందుకెళ్తుంది. మనిషికైతే తెలియనప్పుడు కొంచెం సిగ్గేస్తుంది, ఆ సిగ్గు వల్ల సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు బతికిందో లెక్క లేదు.

అయితే ఆగడం నాకు పుట్టుకతో రాలేదు. నేర్చుకున్నాను, అదీ దెబ్బ తిని. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక చిన్న పనిచ్చారు, వేరే చోట నుంచి వచ్చే ఫైల్లో తేదీలు చదివి డేటాబేసులో వెయ్యడం. ఫ్రెషర్‌కిచ్చే పనే, ఎవడికీ ఇష్టంలేని పని. అవతలివాళ్ళు రోజు ముందు నెల తర్వాత రాస్తున్నారు, నేను అమెరికా పద్ధతిలో నెల ముందు చదివాను. నెల 1వ తారీకున లైవ్‌లోకి వెళ్ళింది, అంతా బావుంది. 2, 3, 4, ఏ గొడవా లేదు. 13వ తారీకున ఢామ్మని పడిపోయింది, ఎందుకంటే 13వ నెల లేదు కదా. అందరూ 13న పడిందేంటా అని చూస్తుంటే మా సీనియర్ ఒకాయన, పాలకొల్లు వైపు మనిషే, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "13న పడింది సరేరా, మొదటి 12 రోజులూ ఏం జరిగిందో చూశావా" అన్నాడు. చూస్తే, రోజు నంబరూ నెల నంబరూ ఒకటే అయిన 4వ తారీకు తప్ప, 12 రోజుల డేటా అంతా తప్పు. ఏప్రిల్ 3 అంటే మార్చి 4 అయి కూర్చుంది. ఎర్రర్ లేదు, లాగ్స్‌లో ఏమీ లేదు, గుట్టు చప్పుడు కాకుండా తప్పు. రెండు రాత్రులు కూర్చుని సరిచేశాను. ఆయన తిట్టలేదు, టీ తాగించాడు, "పడిపోయిన కోడ్‌కి భయపడకు, పడకుండా నడిచేదానికి భయపడు" అన్నాడు.

ఈ రోజుకీ నేను రివ్యూ చేసేటప్పుడు నా కళ్ళు ఎక్కడ ఆగుతాయో, అవి ఆగడం ఆ రెండు రాత్రుల్లో మొదలైంది. ఇప్పుడు చెప్పండి, తేదీలు చదివే ఆ చిన్న పని ఈ రోజు ఏ ఫ్రెషర్‌కిస్తారు? ఎవరికీ ఇవ్వరు. ఏఐ పది సెకన్లలో చేసేస్తుంది, చాలావరకు సరిగ్గానే చేస్తుంది కూడా. అంటే నా కళ్ళు తయారైన చోటు ఇప్పుడు లేదు.

నా పేచీ ఇక్కడ. ఏఐతో కాదు, దాన్ని చూపించి ఫ్రెషర్లని తీసుకోవడం మానేస్తున్న మేనేజర్లతో.

మా దగ్గరే చూశాను. ఎనిమిది మంది టీము ఐదుగురైంది, పోయిన ముగ్గురూ జూనియర్లే. మిగిలిన ఐదుగురం సీనియర్లం, రోజంతా ఆరబోతే. స్ప్రెడ్‌షీట్లో ఇది అద్భుతంగా కనపడుతుంది, ఒక్కొక్కడి చేతి మీదుగా వెళ్తున్న కోడ్ రెండింతలు. ఐదేళ్ళ తర్వాత మాలో ఇద్దరు వెళ్ళిపోతే వాళ్ళ చోట్లోకి ఎవరొస్తారని మీటింగులో అడిగాను. అప్పటికి ఏఐ ఇంకా బెటరవుతుందన్నారు. అవుద్దేమో. కానీ అది ప్లాను కాదు, మొక్కు.

2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ వాళ్ళు అమెరికా జీతాల రికార్డులు తీసి ఒక పేపర్ పెట్టారు. ఏఐ తాకిడి ఎక్కువున్న పనుల్లో, సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఉంది, 22 నుంచి 25 ఏళ్ళ వయసువాళ్ళ ఉద్యోగాలు 2022 చివరి నుంచి మిగతావాళ్ళతో పోలిస్తే 13 శాతం తగ్గాయట. అవే పనుల్లో పెద్ద వయసువాళ్ళకి అలా తగ్గలేదు. అది అమెరికా లెక్క, మనది కాదు. మన దగ్గర 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందిని, అంటే తన మనుషుల్లో దాదాపు 2 శాతాన్ని, తగ్గిస్తున్నానంది, కానీ ఏఐ వల్ల కాదనే చెప్పింది, ఎక్కువగా పోయింది కూడా మధ్యా పై మెట్ల మీదున్నవాళ్ళేనని అంది. అందుకని అన్నిటినీ ఒకే కుప్పలో వెయ్యను. కానీ కింది మెట్టు అరిగిపోతోందన్నది మాత్రం నాకు కళ్ళెదురుగానే కనపడుతోంది, మా మేనల్లుడి కాలేజీలో ప్లేస్‌మెంట్లకొచ్చిన కంపెనీలెన్ని అని వాణ్ణి అడిగితే వాడు చెప్పకుండా దోమని కొట్టాడు.

చరిత్ర చెప్పి ధైర్యమిచ్చేవాళ్ళు కొందరున్నారు. 1957లో ఐబీఎం ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెచ్చినప్పుడు దాన్ని ఆటోమేటిక్ కోడింగ్ అనే అన్నారు, ఆ తర్వాత కోబాల్ అనే ఇంకో భాష వచ్చినప్పుడు ఇంగ్లీషులా ఉంది కాబట్టి ఇక మేనేజర్లే చదివేసుకుంటారన్నారు, ప్రోగ్రామర్లు తగ్గలేదు సరికదా లక్షల్లో పెరిగారు. 2000 ముందు వైటూకే (పాత కంప్యూటర్లు 2000 సంవత్సరాన్ని తప్పుగా చదువుతాయన్న గొడవ) పుణ్యమా అని అదే కోబాల్ నేర్చుకోడానికి మన జిల్లాల కుర్రాళ్ళు అమీర్‌పేట మెట్లెక్కారు, అందులో సగం మంది ఇప్పుడు డాలస్‌లో మామిడికాయలు ఎక్కడ దొరుకుతాయో వెతుక్కుంటున్నారు. ఈ కథ నిజమే, నాకూ ఇష్టమే. కానీ ఒక్క తేడా ఉంది. ఆ భాషల్లో రాసిన కోడ్‌ని మిషన్‌కి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. కంపైలర్‌కి ఒకే కోడ్ వందసార్లు ఇస్తే వందసార్లూ ఒకేలా పని చేస్తుంది, అది ఇచ్చిన మిషన్ కోడ్‌ని ఎవరూ కూర్చుని చదవక్కర్లేదు. ఆ గింజ ఎండి వచ్చింది. ఏఐకి ఒకే మాట రెండుసార్లు చెప్తే రెండు రకాలుగా చేస్తుంది, రెండూ బావున్నట్టే ఉంటాయి. అందుకని కంపైలర్‌లా నమ్మి వదిలెయ్యలేం, కంపైలర్ చరిత్ర చెప్పి నిద్రపోనూ లేం.

అలాగని ప్రపంచం మునిగిపోతోందనేవాళ్ళతోనూ నేను లేను. నా పనిలో సగం ఎంత చప్పటి పనో నాకు తెలుసు. ఒక ఫారం నుంచి ఇంకో ఫారంకి ఫీల్డులు మార్చడం, పాత జావా వెర్షన్ నుంచి కొత్తదానికి లాగడం, ఎవరూ చదవని డాక్యుమెంట్లు. అది పోయినందుకు నాకు ఒక్క కన్నీటి బొట్టు రాలేదు. మిషన్ రాక ముందు నడుం వంచి కోసిన ఆవిడని అడగండి, ఆ నొప్పి మళ్ళీ కావాలా అని. వద్దంటుంది. కానీ ఆ కోతల కూలి డబ్బుల గురించి కూడా అడగండి. మిషన్ వచ్చాక ఆ నెల రోజుల కూలీ ఏమైందని ఆవిడని ఎవరూ అడగలేదు, మేం కూడా. "కూలీలు దొరకట్లేదండీ" అన్నాం, మిషన్ పిలిచాం. ఇప్పుడు మా వంతొచ్చేసరికి మాత్రం వ్యాసాలు రాస్తున్నాం. ఇది నా మీద నేనే వేసుకుంటున్న చురక, మీకు తగిలితే నా తప్పు కాదు.

ఇంకో సంగతి. సాఫ్ట్‌వేర్ అంటే రాయడం అనుకునేవాళ్ళకి మా కాలువలు చూపించాలి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852కి పూర్తి చేశాడు, ఊరికో విగ్రహం పెట్టుకున్నాం, దండలేస్తాం, బానే ఉంది. ఆ ఆనకట్ట పాతబడితే కొత్త బ్యారేజీ కట్టుకున్నాం, 1982 నాటిది. కానీ 1852 నుంచి ఇప్పటిదాకా ఆ కాలువల్లో నీళ్ళు వాటంతటవే పారలేదు. ఏటా ఎండాకాలం కట్టేసి పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకులు చూసుకోవాలి, ఎక్కడ గట్టు జారుతోందో కాలువ కాపలా చూసే లస్కరు తిరిగి చూడాలి, శివారు చేలవాళ్ళు మా దాకా నీళ్ళు రాలేదని గొడవకొస్తే ఎవరో ఒకరు మొహం చూపించాలి. ఏఐ ఇప్పుడు కాలువలు తెగ తవ్వుతోంది. రోజుకి పది తవ్వుతోంది. లస్కర్ల పోస్టులు ఖాళీగా పెట్టి ఎన్ని కాలువలు తవ్వితే మాత్రం ఏం లాభం? నా అంచనా అయితే వచ్చే పదేళ్ళలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరన్నవాడి పనిలో ఎక్కువ భాగం ఇదే, తవ్వినవాటి మీద తిరగడం. జీతం దీనికిస్తారా తవ్వకానికే ఇస్తారా అన్నది వేరే సంగతి, నాకైతే నమ్మకం తక్కువ.

"మరి ఏఐ రాసింది ఏఐతోనే రివ్యూ చేయిస్తే?" అని మా మేనల్లుడే అడిగాడు, తెలివైనవాడే. చేయించొచ్చు, నేనూ చేయిస్తున్నాను, చాలా పట్టుకుంటుంది కూడా, నేను వదిలేసినవి పట్టుకుంటుంది. మా నాన్న కూడా తేమ మిషన్ చూస్తాడు. చూసే ముందు రెండు గింజలు తీసి పంటి కింద పెట్టి కొరుకుతాడు, టక్కుమంటే ఎండినట్టు. మిషన్ నంబరూ పన్ను చెప్పిందీ కలవకపోతే ఇంకో చోట నుంచి గింజలు తీయించి మళ్ళీ చూడమంటాడు, రాశి పైన ఎండి లోపల పచ్చిగా ఉండొచ్చు కదా. 63 కౌంట్ సంగతి మా కోడ్‌లో ఎక్కడా లేదు, ఇంటర్నెట్లో వెతికినా మా బావ లెక్క కట్టే పద్ధతి దొరుకుద్దో లేదో, అది ఆయన బుర్రలో ఉంది. ఎన్ని ఏఐలు ఒకదాన్నొకటి చూసుకున్నా లేని సంగతి ఎక్కణ్ణుంచి తెస్తాయి? ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి. ఏం అడగాలో తెలియాలంటే పన్ను అలవాటు పడుండాలి.

అందుకని వాడికి పనుంటుందా ఉండదా అన్నది నేను చెప్పలేదు. సెలవుల్లో ఆ యాప్ నువ్వు తీసుకో అన్నాను. షరతు ఒకటే, ఏఐని ఎంతైనా వాడుకో, కానీ టెస్టులు మాత్రం దాని చేత రాయించకు, మీ నాన్న పాత పట్టుబడి స్లిప్పులు తెచ్చి వాటితో నువ్వు చేత్తో రాయి. ఒక్కో స్లిప్పూ ఒక టెస్టు. మొదట మొహం చిట్లించాడు. మా ఆవిడ చేసిన పొట్టిక్కలు రెండు వాయిలు లాగించాక ఒప్పుకున్నాడు.

నాలుగు రోజులు కూర్చున్నాడు. 14 స్లిప్పులు, కొన్ని నీళ్ళకి అలుక్కుపోయాయి, కొన్నిటి మీద కాకినాడ కాజా నూనె మరకలు. 13 కలిశాయి. ఒక్కటి కలవలేదు, 52 కౌంట్, యాప్ చెప్పినదాని కంటే కిలోకి బాగా తక్కువ రేటు కట్టారు. వాడు కోడ్ అంతా తిరగేశాడు, ఏఐని అడిగాడు, అది మూడు కారణాలు చెప్పింది, మూడూ వినడానికి బావున్నాయి, మూడూ కాదు. స్లిప్పు మూల పెన్సిల్‌తో "సాఫ్ట్" అని ఒక ముక్క రాసుంది.

"సాఫ్ట్ అంటే ఏంటి మావయ్యా?"

నాకూ తెలీదు. రొయ్యల చెరువులవాడి కొడుకు వాడు, కానీ చెరువు మీదకి పట్టుమని పదిసార్లు వెళ్ళుండడు. బావే వెళ్ళనిచ్చేవాడు కాదు, ఈ బురద మనతో పోవాలి, వీడు ఏసీలో కూర్చోవాలి అని. ఫోన్ స్పీకర్లో పెట్టి బావకి చేశాం. వెనక చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల హోరు. సంగతి చెప్తే, "ఓ అదా, ఆ రోజు అమావాస్య దగ్గర్లో పట్టాంలే, తప్పలేదు, తుపానంటే భయపడి పట్టేశాం. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల విడుస్తది కదా, ఒళ్ళు మెత్తగా ఉంటది, అది సాఫ్ట్ కింద తీసి రేటు తగ్గిస్తారు" అన్నాడు.

వాడు నా వైపు చూశాడు. "అయితే యాప్‌లో తిథి కూడా పెట్టాలా?" అన్నాడు ఫోన్లోకి.

అవతల కాసేపు ఏరియేటర్లే వినపడ్డాయి. తర్వాత బావ, వాడితో కాదు, నాతో అన్నాడు, "రేపు తెల్లారి మేత చూసే చెక్ ట్రేలు తీస్తాం బావా, ఐదింటికల్లా వాణ్ణి ఓసారి ఇటు రమ్మను."